తిప్పి పంపిన పేరు

గద్వాలలో చెన్నయ్య చీరల దుకాణానికి ఇంటర్నెట్‌లో పేజీ పెట్టించింది ఆయన కూతురు నవనీత. కర్నూలులో డిగ్రీ పూర్తిచేసి వచ్చాక దుకాణం వెనక గదిలో కంప్యూటరు పెట్టుకుని, బెంగుళూరు, ముంబై వ్యాపారులతో బేరసారాలన్నీ మెయిళ్ల మీద తనే నడిపేది. ఆ పేజీ తయారుచేసిన నరేందర్ హైదరాబాదులో ఉంటాడు. మెయిలుకు ఏయే పేర్లు కావాలని మొదట్లోనే ఫోను చేసి అడిగాడు.

పక్కనే కూర్చున్న చెన్నయ్యకు వేరే అనుమానం వచ్చింది. ఫోను తీసుకుని, "ఎవడన్న పేరు తప్పు రాస్తే ఆ ఉత్తరం ఏడికి పోతది?" అని అడిగాడు.

"వాపస్ పోతది పెద్దాయనా."

"గట్లెట్ల? మా పోస్టుమ్యాన్‌కు దుకాణం పేరుంటే చాలు. ముందల ఏం రాసినా తెచ్చిస్తడు. గట్లనే జెయ్యి."

నరేందర్ అలాగే చేశాడు. దుకాణం అడ్రసుకు ముందు ఎవరు ఏ పేరు తగిలించి రాసినా ఆ మెయిలు ఒకే డబ్బాలో పడేది. దాన్ని క్యాచాల్ అంటారని నవనీతకు చెప్పాడు.

ఒక ఏడాది బాగానే గడిచింది. తర్వాత చెత్త మొదలైంది. మందుబిళ్లలు, గడియారాలు, ఎవరో రాజుగారి లాటరీ. పంపేవాళ్లు నోటికొచ్చిన పేరల్లా దుకాణానికి తగిలించి పంపేవారు, అన్నీ వచ్చి పడేవి. ముంబై నుంచి వచ్చిన అసలు ఆర్డరు ఆ కుప్ప కింద కనపడకుండా పోయిన రోజులున్నాయి. క్యాచాల్ తీసేద్దామంటే చెన్నయ్య ఒప్పుకోలేదు. అందుకని నవనీత రోజూ పొద్దున్నే వచ్చి, ఏ పేర్ల మీద చెత్త వస్తున్నదో చూసి, ఆ పేర్లను ఒక్కొక్కటే మూసేసేది.

మూయడానికి రెండు దారులున్నాయి. మొదటిది, వచ్చినదాన్ని చప్పుడు లేకుండా పారేయడం. అప్పుడు పంపినవాడికి ఏమీ తెలియదు. రెండోది, ఈ పేరుతో ఇక్కడ ఎవరూ లేరని పంపినవాడికే తిప్పికొట్టడం. నవనీత ఎప్పుడూ రెండోదే పెట్టేది. లేరని తెలిస్తే మళ్లీ పంపరని ఆమె నమ్మకం.

అది 2007 వానకాలం. ఒక పొద్దున ఆ చెత్తలో ఒక మెయిలు ఆమె కంటపడింది. అది ఉమారాణి పేరుకు వచ్చింది.

ఉమారాణి వాళ్ల దుకాణంలోనే పనిచేస్తుంది. చీర అంచుకూ కొంగుకూ కావలసిన బొమ్మను గళ్ల కాగితం మీద గీసి ఇవ్వడం ఆమె పని. ఆ గీతను బట్టే అట్టలకు బెజ్జాలు కొట్టి మగ్గానికి కడతారు. నల్గొండ దిక్కు నేత కుటుంబం ఆమెది. హైదరాబాదులో చేనేత ప్రదర్శన జరిగినప్పుడు గద్వాల నుంచి వెళ్లిన సావిత్రమ్మ అనే నేతగత్తె ఆమెకు పరిచయమైంది. ఆ పరిచయం పట్టుకుని ఒకరోజు చిన్న సంచితో బస్సు దిగి సావిత్రమ్మ ఇంటికి వచ్చింది. ఎందుకొచ్చావని సావిత్రమ్మ అడగలేదు. మధ్య గది ఖాళీ చేసి ఇచ్చింది.

"ఉమా, నీకు మెయిలొచ్చింది. మన అడ్రసు ఎవరికన్న ఇచ్చినవా?" అని నవనీత పిలిచింది.

ఉమారాణి చేతిలో పెన్సిలు ఆగిపోయింది. "నేనెవ్వరికీ ఇయ్యలే అక్కా."

లేచి వచ్చి తెర మీదికి వంగింది. కింద పంపినవాడి పేరు లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే ఒక తెలుగు ముక్క ఉంది. *ఎక్కడున్నవ్.*

"ఆయననే" అంది ఉమారాణి. కుర్చీ వీపు పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె కుడిచేతి రెండు వేళ్లు వంగవు. పెన్సిలు కూడా బొటనవేలికీ నడిమి వేలికీ మధ్య ఇరికించి పట్టుకుంటుంది. ఆ వేళ్లకేమైందో నవనీత ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు ఉమారాణే చెప్పింది.

"మా ఆయన పేరు జితేందర్. కంపెనీలల్ల కంప్యూటర్లు నడుస్తున్నయా లేదా అని చూసే పని. కొట్టుడు, తిట్టుడు గట్టిగ ఏం చెయ్యడక్కా. చుట్టుపక్కలోళ్లకు ఒక్క మాట ఇనపడదు. నేను గీసుడు ఆయనకు ఇష్టం లేకుండె. ఒకనాడు నా చెయ్యి తలుపు సందుల పెట్టి, మెల్లగ తలుపేసిండు. ఏసేటప్పుడు గూడ నాతోని మంచిగనే మాట్లాడుతుండె."

నవనీత స్టూలు లాగి ఆమెను పక్కన కూర్చోబెట్టింది.

"నేను గిక్కడున్నట్టు ఎట్ల తెలిసిందక్కా?"

"తెల్వలే. నీకు గీసుడొస్తదని, ఏదో చేనేత దుకాణంలనే ఉంటవని అనుకున్నడు. కనపడ్డ దుకాణాలన్నిటికీ నీ పేరు తగిలించి కొడుతున్నట్టున్నడు. నువ్వు పరేషాన్ గాకు. గీ పేరు మూసేస్త. ఇగ పంపితే, ఎవరూ లేరని పోతది."

ఉమారాణి చూస్తుండగానే మూసింది.

కొన్నాళ్లకు ఉత్త ఉమ పేరు మీద వచ్చింది. తర్వాత రాణి పేరు మీద. ఆ తర్వాత ఉమారాణి పుట్టింటి పేరు కలిపి. ఒక్కో దాంట్లో ఒక్కో ముక్క. *తిన్నవా. చలి పెడుతుందా. నీ సంచి నాకు గుర్తుంది.* వచ్చిన పేరును వచ్చినట్టే నవనీత మూస్తూ పోయింది. మూసిన ప్రతిసారీ ఉమారాణికి చూపించేది. తెర మీద ఆ పేరు పక్కన ఎర్రటి గుర్తు పడితే ఉమారాణి కొంచెం ఊపిరి పీల్చుకునేది. తర్వాత కాగితం మీదికి వంగేది గాని, పెన్సిలు కదిలేది కాదు.

ఇలా ఒక్కొక్కటే వచ్చిన తర్వాత మూయడమెందుకని, ముందే మూసేద్దామని నవనీతకు ఆలోచన వచ్చింది.

"ఇంకేం పేర్లతోని పిలుస్తడు నిన్ను? అన్నీ చెప్పు."

ఉమారాణి చాలాసేపు తలుపు వైపు చూసింది. "లింగవ్వ."

"అదేం పేరు?"

"మా నాయినమ్మ పేరు. తొట్లెల ఏసినప్పుడు నాకు పెట్టిండ్రు. బడిల మాత్రం ఉమారాణి అని రాయించిండ్రు. లింగవ్వ అని మా ఇంటోళ్లకు, ఆయనకు తప్ప ఎవ్వరికీ తెల్వదు. ఆయనకు కోపమొచ్చినప్పుడే ఆ పేరు తీస్తడు. మెల్లగ పిలుస్తడు. ఆ పిలుపు ఇంటే నాకు కడుపుల చెయ్యి పెట్టినట్టయితది అక్కా."

నవనీత ఆ పేరును రకరకాల స్పెల్లింగులతో రాసి, అన్నిటినీ మూసేసింది. ఆ పేరు మీద అప్పటిదాకా ఒక్క మెయిలూ రాలేదు.

ఆ తర్వాత మెయిళ్లు ఆగిపోయాయి. ఒక వారం, రెండు వారాలు ఏమీ లేదు. ఉమారాణి పెన్సిలు మళ్లీ కదిలింది. హంసల వరుసతో కొత్త అంచు గీసింది. చెన్నయ్య దాన్ని చూసి, దసరాకు ఇదే పెడదామని ముందుగా ఒక చీర నేయించాడు. సావిత్రమ్మ ఇంట్లో భక్ష్యాలు చేసి దుకాణానికి పంపింది. "పీడ పోయింది" అని నవనీత తండ్రితో అంది.

అప్పుడే నరేందర్ ఫోను చేశాడు.

"చెల్లె, మీ సర్వర్ మీద ఎవడో ఆడుతుండు. ఏమన్న ఎరుకనా?"

"ఆడుడేంది అన్నా? చెత్త గూడ తక్కువైంది."

"చెత్త గాదిది. వచ్చి పోయిన మెయిళ్ల చిట్టా నా ముందలున్నది, ఇను. మొదలు ఏదో పిచ్చి పేరు మీద ఒకటి పంపిండు. అది మీ డబ్బల చెత్తల కలిసి పడ్డది. వెంటనే లింగవ్వ అనే పేరు మీద పంపిండు. అది వాపస్ పోయింది. మళ్ల ఇంకో పిచ్చి పేరు, పడ్డది. మళ్ల లింగవ్వ, వాపస్. రోజూ గిదే పని. గా లింగవ్వ ఎవరు చెల్లె?"

నవనీత ఉమారాణి సంగతంతా చెప్పింది. "మూసేటప్పుడు నేను తిప్పికొట్టుడు పెట్టిన అన్నా. ఎవరూ లేరంటే ఇగ పంపడనుకున్న."

"మీది క్యాచాల్ చెల్లె. కుక్క పేరు రాసినా, పిల్లి పేరు రాసినా తీసుకుంటది. గట్లాంటి డబ్బ ఒక్క పేరును పట్టుకుని లేరంటే ఏమైతది? ఆ మనిషి ఉన్నదని, ఆమెను ఎవరో దాస్తుండ్రని వానికి మనమే చెప్పినట్టు. ఉమారాణి అంటే ఊరికొకరుంటరు. గీ పేరు అట్ల గాదు. ఆమె నోటితోని చెప్తే తప్ప మీకు తెల్వది."

వెనక గదిలో ఉమారాణి గళ్ల కాగితం మీద వంగి గీస్తున్నది. ఆ పేరు చెప్పమని అడిగింది తనే. నవనీత స్టూలు మీద కూర్చుని, లోపలికి వినపడకుండా గొంతు తగ్గించింది.

"ఇప్పుడేం జెయ్యాలె అన్నా?"

"వానికి తెలియాల్సింది తెలిసిపోయింది. ఇగ మూసి ఫాయిద లేదు. తెరువు. రాసేది రాయనియ్యి. రాసినవన్నీ కాగితం మీదికి దించి పెట్టుకో. ఇంట్ల హింస పడే ఆడోళ్లకోసం కొత్త చట్టమొచ్చిందంట గదా, పనికొస్తయి."

తండ్రికి, ఉమారాణికి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఉమారాణి ఏడవలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. "తెరువు అక్కా" అంది.

నవనీత లింగవ్వ పేరు మీద ఎర్ర గుర్తు తీసేసింది. ముగ్గురూ తెర ముందే ఉన్నారు. చెన్నయ్య బయట బేరానికి ఎవరో వచ్చారని లేవబోతుండగా, ఆ పేరు మీద ఒక ఖాళీ మెయిలు పడింది. అది తిరిగి పోకపోవడంతో కాసేపటికే ఇంకొకటి వచ్చింది.

*తలుపు తీసినవు. మంచిగున్నది. వస్తున్న.*

చెన్నయ్య వెంటనే సావిత్రమ్మను పిలిపించాడు. సావిత్రమ్మ చెల్లెలు వీపనగండ్లలో ఉంటుంది. ఉమారాణిని కొన్నాళ్లు అక్కడ ఉంచాలనీ, మర్నాడు మధ్యాహ్నం బస్సుకు సావిత్రమ్మే వెంట తీసుకుపోవాలనీ అనుకున్నారు.

మర్నాడు పొద్దుటి పూటే అతడు వచ్చాడు.

ఇస్త్రీ చొక్కా, పక్కపాపిడి, చేతిలో పల్చని బ్యాగు. చెప్పులు గడప బయట జతగా విప్పి, లోపలికి వచ్చి పరుపు మీద కూర్చున్నాడు. దుకాణంలో అప్పుడు చెన్నయ్య, నవనీత, నూలు వ్యాను నడిపే భీమన్న ఉన్నారు. ఎవరో కొనడానికి వచ్చాడనే అనుకున్నారు.

"కొత్త అంచులున్నయా పెద్దమనిషీ?" అని మర్యాదగా అడిగాడు.

చెన్నయ్య నాలుగు చీరలు విప్పాడు. అతడు మొదటి మూడింటిని చూడనే లేదు. నాలుగోదాని అంచు మీద వేలు పెట్టి, హంస మెడ వెంట మెల్లగా జరిపాడు.

"ఇది గీసిందెవరు?"

చెన్నయ్య చేయి ఆగింది. "మగ్గాల కాడ గీస్తరు. పేర్లు ఎవరికి యాదికుంటయి."

"నాకు యాదికుంటయి. మెడ మరీ ఎక్కువ వంచుతది. గట్ల వంచితే పక్షి బతుకుతదా అని నేనెన్నోసార్లు చెప్పిన. ఇనదు." అతడు తలెత్తి నవనీతను చూశాడు. "మెయిళ్లు చూసేది మీరే గద మేడం? మంచిగ చూసుకుంటున్నరు. ఎన్ని ఊర్ల దుకాణాలకు రాసిన్నో. కొందరు ఏది రాసినా తీసుకున్నరు, కొందరు ఏది రాసినా వాపస్ పంపిండ్రు. మీరొక్కరే మనిషిని గుర్తుపట్టి వద్దన్నరు."

అతడు నవ్వాడు. భీమన్న ఒక్కో అడుగూ వేస్తూ వచ్చి గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఆమె గిక్కడ లేదు. నువ్వు లేచి పో" అన్నాడు చెన్నయ్య.

"ఉన్న" అని వెనక నుంచి వినిపించింది.

ఉమారాణి వెనక గది గుమ్మంలో ఉంది. పక్కన, ప్రయాణానికని వచ్చిన సావిత్రమ్మ ఉంది. చుట్టుపక్కల మగ్గాల చప్పుడు ఆగిపోయింది. నేతవాళ్లు ఒక్కొక్కరే దుకాణం ముందుకు వస్తున్నారు.

"గిక్కడనే ఉన్న. ఏం చెప్తవో అందరి ముందట చెప్పు" అంది ఉమారాణి.

అతడు లేవలేదు. గొంతు పెంచలేదు. "లింగవ్వా" అన్నాడు, పక్కన పడుకున్న పిల్లను లేపినట్టు. "పా. ఇంటికి పోదాం."

ఉమారాణి కుడికాలు ఒక అడుగు ముందుకు పడింది. తను వేసింది కాదది, దానంతట అదే పడింది. నవనీత దాన్ని చూసింది. సావిత్రమ్మ కూడా చూసినట్టుంది, ఉమారాణి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"రాను" అంది ఉమారాణి.

"ఏమన్నవు?"

"రాను. నువ్వు ఎన్నిసార్లు పిలిచినా రాను."

అతడు ఆ నాలుగో చీరను మడత మీద మడత పెట్టి, అంచులు సరిచేసి, చెన్నయ్య ముందుకు జరిపాడు. "సరే. తొందరేం లేదు. నాకు టైమున్నది." లేచి, గుమిగూడిన వాళ్ల మధ్య నుంచి దారి అడుగుతూ, చెప్పులు వేసుకుని పోయాడు.

వీపనగండ్ల ప్రయాణం ఆగిపోయింది. దాక్కోవడం వల్ల ఇక ఫలితం లేదని ఉమారాణే అంది. నవనీత అతని మెయిళ్లన్నీ ప్రింటు తీసింది. తెరిచాక, వచ్చిపోయాక కూడా అతడు రాస్తూనే ఉన్నాడు. పేరు దాచుకోలేదు, మాట కూడా దాచుకోలేదు. మిగిలిన వేళ్ల సంగతి కూడా చూస్తానని రాశాడు. అవి పట్టుకుని ఇద్దరూ మహబూబ్‌నగర్ వెళ్లి ఆ చట్టం కింద పెట్టిన రక్షణ అధికారిని కలిశారు. ఆమె చివరిదాకా చదివి, ఉమారాణి చేయి తన చేతిలోకి తీసుకుని చూసి, వెంటనే అర్జీ రాయించింది. కొంతకాలానికి కోర్టు ఉత్తర్వు వచ్చింది. అతడు దుకాణంలోకి, సావిత్రమ్మ ఇంట్లోకి అడుగు పెట్టగూడదు. ఉమారాణితో మాట్లాడగూడదు. మెయిలు రాయగూడదు.

ఉత్తర్వు తీసుకుని అతడు సంతకం చేశాడు. మెయిళ్లు పూర్తిగా ఆగిపోయాయి.

తర్వాతి మంగళవారం నేతవాళ్ల వీధి మలుపులో ఉన్న చాయ్ బండి దగ్గర బెంచీ మీద అతడు కూర్చుని కనిపించాడు. పొద్దున వచ్చి, ఎండ దిగేదాకా ఉండి, బస్సెక్కి పోయాడు. ఆ పై వారం కూడా వచ్చాడు. కొన్నాళ్లకు అక్కడే గది తీసుకున్నాడు. వీధిలోకి ఒక్క అడుగు వేసేవాడు కాదు. ఎవరితోనూ తగాదా లేదు. చాయ్ తాగుతూ సావిత్రమ్మ మిద్దె వైపు చూస్తూ ఉండేవాడు. పోలీసులు వచ్చి అడిగితే ఉత్తర్వు కాగితం తీసి చూపించి, తను దాటిన గీత ఏదో చెప్పమన్నాడు. వాళ్లు గట్టిగా హెచ్చరించి వెళ్లారు. అంతకన్నా చేయడానికి కాగితంలో ఏమీ లేదు.

ఉమారాణి తిండి తగ్గిపోయింది. ఒకరోజు నవనీతతో, "నేను పోతనక్కా" అంది.

"ఏడికి?"

"చెప్ప. నీకు తెల్వకుంటే నిన్ను ఎవరేమడిగినా నీ మొకంల కనపడదు."

నవనీత తల ఊపింది. తప్పు తనదని చెప్పబోయింది గాని, ఉమారాణి వంగని వేళ్లతో ఆమె చేయి నొక్కి ఆపేసింది.

ఆ మధ్యాహ్నం దుకాణం పెరట్లో నూలు బేళ్లు దింపిన వ్యాను, వెనక తలుపులు మూసుకుని ఎప్పటిలాగే తిరిగి పోయింది. చాయ్ బండి పక్క నుంచే పోయింది. బెంచీ మీది మనిషి కాళ్లు వెనక్కి తీసుకుని దానికి దారి ఇచ్చాడు. ఉమారాణి ఎక్కడ దిగిందో భీమన్నకొక్కడికే తెలుసు. అతడు పెళ్లానికి కూడా చెప్పలేదు.

నవనీత తండ్రికి నచ్చజెప్పి క్యాచాల్ తీసేయించింది.

మరుసటి పొద్దున సావిత్రమ్మ మిద్దె ఎక్కింది. ఉమారాణి వదిలిపోయిన పసుపు పచ్చ చీరను తడిపి, పిండి, దండెం మీద ఆరేసింది. పక్కన తన చీర వేసింది. సాయంత్రం రెండూ మడిచి దింపింది. మర్నాడు మళ్లీ తడిపింది. వంట కూడా ఇద్దరికి చేసేది. చెన్నయ్య దుకాణం నుంచి గళ్ల కాగితాల చుట్ట ఒకటి చేతపట్టుకుని, అందరికీ కనపడేటట్టు, వాళ్ల ఇంటికి తీసుకుపోయి ఇచ్చి వచ్చేవాడు.

దసరా పోయింది. చలికాలం వచ్చింది. బెంచీ మీద మనిషి స్వెటరు వేసుకుని కూర్చుంటున్నాడు. ఒక పొద్దున నవనీత మిద్దె మీదికి వెళ్లి సావిత్రమ్మ పక్కన నిలబడింది. అతడు తలెత్తి ఆమెను కూడా చూశాడు. నవనీత గోడ చాటుకు జరిగింది.

"ఎన్ని దినాలత్తా గిట్ల? చీర గూడ ఎలిసిపోయింది."

"ఎలిసిపోతే పోనీ. వాడు గీడ కూసున్నన్ని దినాలు ఆ పిల్ల ఆడ నిమ్మళంగ నిద్రపోతది" అని సావిత్రమ్మ చీర కొంగు దులిపింది. నీటి చుక్కలు నవనీత ముఖం మీద పడ్డాయి.

"జర ఆ కొస పట్టుకో" అంది.

నవనీత గోడ చాటు నుంచి బయటికి వచ్చి, చీర రెండో కొస పట్టుకుంది.